దెయ్యానికీ ఒక నియమం

సైన్స్ ఫిక్షన్, హారర్ సినిమాల సమీక్షకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. కుటుంబకథ నమ్మేలా ఉందో లేదో ప్రేక్షకుడు తన అనుభవంతో పోల్చుకుని తేల్చుకుంటాడు. కాలయంత్రాన్నీ దెయ్యాన్నీ పోల్చి చూడటానికి ఎవరి దగ్గరా అనుభవం ఉండదు. అందుకే సమీక్షకుడు మొదట చూడవలసింది సినిమా తనకు తాను పెట్టుకున్న నియమాన్ని. ఆ లోకంలో ఏది సాధ్యం, ఏది అసాధ్యం, హద్దు దాటితే ఎవరికి నష్టం? ఈ ప్రశ్నలకు కథ మొదట్లో ఇచ్చిన జవాబు చివరిదాకా నిలబడాలి.

తెలుగులో సైన్స్ ఫిక్షన్‌కు కొలమానంగా నిలిచింది 1991లో సింగీతం శ్రీనివాసరావు తీసిన 'ఆదిత్య 369'. హెచ్.జి. వెల్స్ 1895లో నవలగా రాసిన కాలయంత్రపు ఊహను ఆయన తెలుగువారి చరిత్రలోకి తెచ్చారు. యంత్రం 1526కు వెళ్తే శ్రీకృష్ణదేవరాయల కొలువు, 2504కు వెళ్తే అణుధార్మికతకు భయపడి నేల కింద బతికే మనుషులు. ఆనాటి ట్రిక్ షాట్లు ఇప్పుడు పాతబడ్డాయి. సినిమా మాత్రం పాతబడలేదు. వెనక్కి వెళ్తే దక్కే వైభవం, ముందుకు వెళ్తే ఎదురయ్యే ముప్పు, రెండూ ప్రేక్షకుడివే. నాగ్ అశ్విన్ 'కల్కి 2898 ఏడీ' (2024)లో గంగ ఎండిన కాశీని, సంపదంతా పైకి లాగేసుకున్న కాంప్లెక్స్‌ను చూపారు. దానిపై రాసేవారు గ్రాఫిక్స్ ఖర్చు దగ్గరే ఆగితే సగం పనే చేసినట్టు. కింద మిగిలినవాళ్లు ఎలా బతుకుతున్నారన్నది కథ ఎంత లోతుగా పట్టించుకుందో కూడా చెప్పాలి.

హారర్‌లో అడగవలసిన ప్రశ్న, భయం ఎక్కడ పుట్టింది అన్నది. రామ్‌గోపాల్ వర్మ 'రాత్రి' (1992) మామూలు మధ్యతరగతి ఇంట్లో కెమెరా కదలికతో, శబ్దంతో వణికించింది. కోడి రామకృష్ణ 'అరుంధతి' (2009)లో భయం గద్వాల్ సంస్థానపు కోటలో, తరాల నాటి పగలో ఉంది. సాయికిరణ్ 'మసూద' (2022)లో అది ఒంటరి తల్లి నిస్సహాయతలో ఉంది. ఉన్నట్టుండి పెద్ద శబ్దం పెట్టి ఉలిక్కిపడేలా చేయడం తేలిక. అది భయం కాదు, అదురు. ఈ తేడా పాఠకుడికి విడమరిచి చెప్పడమే సమీక్ష.

చేతబడి కథల విషయంలో బాధ్యత ఇంకా పెద్దది. ఉమ్మడి మెదక్ జిల్లాలో బాణామతి చేస్తున్నారన్న అనుమానంతో మనుషులను కొట్టి చంపిన ఘటనలు ఉన్నాయి. అలాంటి నేల మీద ఆడే సినిమా మంత్రగాడిని చూపించడం తప్పు కాదు. అనుమానానికి బలైనవారి వైపు ఒక్క చూపైనా వేసిందా, గుంపు కోపాన్నే న్యాయమని చూపిందా అన్నది సమీక్షలో తప్పక రావాలి.

ఇక రెండో భాగాలు. తెలుగు పాఠకుడికి కొనసాగింపు కొత్త కాదు; యండమూరి వీరేంద్రనాథ్ 'తులసీదళం' తరువాత 'తులసి' రాశారు, దాని ఆధారంగానే 1986లో 'కాష్మోరా' సినిమా వచ్చింది. సినిమాల్లో కొనసాగింపులు రెండు రకాలు. 'రాజు గారి గది' మూడు భాగాలకూ పేరు ఒకటే, కథలు వేరు. 'మా ఊరి పొలిమేర' (2021) ఓటీటీలో వచ్చి, 2023లో రెండో భాగంగా థియేటర్లకు చేరింది. అందులో మొదటి కథే ముందుకు నడిచింది. పేరు మాత్రమే పంచుకున్నదాన్ని విడి సినిమాగానే తూచాలి. కథను పంచుకున్నది మాత్రం మొదటి భాగం వదిలిన ప్రశ్నకు జవాబు చెప్పాలి, కొత్త ప్రశ్న వేయాలి. జేమ్స్ కామెరాన్ 'టెర్మినేటర్' (1984)లో ప్రాణాలు తీయడానికి వచ్చిన యంత్రాన్నే 1991 నాటి రెండో భాగంలో కాపలాదారును చేశారు. పాత భయం పోకుండానే కథ కొత్తదైంది. దెయ్యాల సంఖ్య, గ్రాఫిక్స్, శబ్దం మాత్రమే పెరిగితే దాన్ని ఎదుగుదల అనలేం.

ఈ కొలతలు ఇస్నాపూర్ లాంటి చోట మరింత అవసరం. ముంబై హైవే మీది ఈ ఊళ్లో పాశమైలారం, పటాన్‌చెరు ఫ్యాక్టరీల కార్మికులు ఉంటారు. తెలుగువారితో పాటు ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవారూ ఉన్నారు. రిడ్లీ స్కాట్ 'ఏలియన్' (1979)లోని సిబ్బంది సరుకు లాగే అంతరిక్ష నౌకలో పనిచేసే కూలివాళ్లు. వాళ్లు బోనస్ గురించి గొడవపడతారు. కంపెనీకి వాళ్ల ప్రాణం కంటే నౌకలోకి చొరబడిన గ్రహాంతర జీవి విలువైనదని ఆలస్యంగా తెలుసుకుంటారు. నైట్ షిఫ్టు చేసినవారికి ఆ కథ వివరించి చెప్పనక్కరలేదు. నక్కవాగులో కలిసిన రసాయనాలు, 2025 జూన్ 30న పాశమైలారంలోని ఔషధ పరిశ్రమలో జరిగిన పేలుడు ఇక్కడి మనుషుల భయాలు. ఆ పేలుడులో 40 మందికి పైగా చనిపోయారు. ఈ భయాల నుంచి తెలుగు సైన్స్ ఫిక్షన్ ఇంకా కథ అల్లుకోవలసే ఉంది.

కాబట్టి సమీక్షకుడి పని రేటింగ్ ఇవ్వడంతో తీరదు. మలుపులు బయటపెట్టకుండా నియమాన్ని పరీక్షించాలి, భయం మూలాన్ని చూపించాలి, రెండో భాగం దేనికి వచ్చిందో తేల్చాలి. తెర మీదకు ఇంకా రాని భయాల గురించి దర్శకులకు గుర్తుచేయడం కూడా ఆ పనిలో భాగమే.