మాల్థస్ లెక్కలో లేని నీరు

జనాభా రెండు, నాలుగు, ఎనిమిదింతలుగా పెరుగుతుంది. ఆహారం ఒకటి, రెండు, మూడుగానే పెరుగుతుంది. కనుక పేదలకు ఆకలి తప్పదు. 1798లో థామస్ మాల్థస్ చేసిన వాదన సారాంశం ఇదే. ఈ వాదన బలమెంతో తెలుసుకోవటానికి చల్లపల్లి కాలువగట్టున నిలబడి చుట్టూ చూస్తే చాలు.

1832-33లో కృష్ణకు ఆవలి ఒడ్డున, గుంటూరు సీమలో నందన కరువు వచ్చింది. దానినే డొక్కల కరువు అన్నారు. సుమారు 5 లక్షల జనంలో లక్షన్నర నుంచి 2 లక్షల మంది చనిపోయారని అంచనా. అప్పటికి మాల్థస్ కంపెనీ ఉద్యోగులను తయారుచేసే హెయిలీబరీ కళాశాలలో ఆచార్యుడు. ఆయన లెక్క ప్రకారం తిండికి మించి జనం ఉన్నారనాలి. కాని 1855లో బెజవాడ వద్ద ఆనకట్ట పూర్తయింది. ఆ తరువాత ఇదే డెల్టా ఎన్నో రెట్లు పెరిగిన జనానికి అన్నం పెట్టి, పొరుగు ప్రాంతాలకూ బియ్యం పంపింది. కొరత నీటి ఏర్పాటుది. మనుషులు ఎక్కువై కాదు.

మాల్థస్‌కు నాలుగు శతాబ్దాల ముందే ఇబ్నె ఖల్దూన్ తన ‘ముఖద్దిమా’లో మనుషులు శ్రమను పంచుకుంటే తమ అవసరానికి ఎన్నో రెట్లు ఉత్పత్తి చేయగలరని వివరించాడు. రాజ్యాల చివరిదశలో వచ్చే కరువులకు పన్నుల భారంతో రైతులు సేద్యం మానుకోవటం కారణమన్నాడు. మాల్థస్ నోళ్లను లెక్కించాడు. ఇబ్నె ఖల్దూన్ చేతులను కూడా లెక్కించాడు.

అయితే పంట పెరిగినంత మాత్రాన ఆకలి తీరదు. చల్లపల్లి ఒకప్పుడు జమీందారీ. పండించిన చేతికీ భూమికీ మధ్య ఎంత దూరముండేదో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. మాల్థస్ లెక్కలో ఈ ప్రశ్నకు తగిన చోటు లేదు.

మన సమాధానంలోనూ లోపముంది. ‘ఉపాధి ప్రదాత అల్లాహ్’ అని చెప్పి ఊరుకుంటాం. పేదరిక భయంతో సంతానాన్ని చంపటాన్ని ఖుర్ఆన్ బనీ ఇస్రాయీల్ సూరా 31వ ఆయతులో నిషేధించింది. అది బాధ్యతనుంచి తప్పించుకోవటానికి సాకు కాదు. నేలకూ నీటికీ హద్దులున్నాయి. కాలువ చివరి పొలాల రైతుకు ఆ సంగతి బాగా తెలుసు.

నేడు లెక్క తలక్రిందులైంది. 2019-21 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో సగటున స్త్రీకి 1.7 మంది పిల్లలే. ఇద్దరికి మించి సంతానమున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీచేయరాదన్న 1994 నాటి నిబంధనను రాష్ట్రం 2024లో తొలగించింది. పిల్లలు తగ్గారు. మరి పేదరికం పోయిందా? పోకపోతే, ఇన్నేళ్లూ నిందను తల్లుల ఒడి మీద మోపి, నీరు, భూమి, పంపకం అనే అసలు ప్రశ్నలను ఎవరు దాటవేశారో ఆలోచించాలి.