ద్వారమువారి ఫిడేలు - మన సభలలోని ప్రక్కపీట

ఉత్సవములకు సంగీతసభ లేర్పాటు చేయువారు అచ్చువేయించెడి ఆహ్వానపత్రికలను చదువరులు చూచియే యుందురు. గాయకుని పేరు బొటనవ్రేలంత యక్షరములలో నుండును. ఫిడేలు వాయించువారి పేరు దానిక్రింద చీమతలలంత యక్షరములలో నుండును. ఒక్కొక్కపత్రికలో నదియు నుండదు. “ప్రక్కవాద్యములతో” అను నొక మాటతో సరిపుత్తురు. నంద్యాలలోను ఆళ్లగడ్డలోను మేము చూచిన పత్రికలలో పెక్కు లిట్టివే. ఇది అచ్చుకూటమువారి యలవాటేకాని వేరొండు కాదని కొందరనవచ్చును. మే మట్లనుకొనము. ఎవ్వరికి రెండవపీట వేయుదుమో వారు చేయు పనిని వినుట మానివేయుదుము. ద్వారం వెంకటస్వామినాయుడుగారి జీవితమును ఈ దృష్టితో మరల పరిశీలింపవలసి యున్నది.

నాయుడుగారు 1893వ సంవత్సరము నవంబరు 8వ తేదీని బెంగుళూరున జన్మించి విశాఖపట్టణమున పెరిగిరి. కంటిచూపు మందము. అన్నగారివద్ద ఫిడేలు నేర్చిరి. 1919లో విజయనగర మహారాజావారు సంగీతకళాశాల నెలకొల్పినపుడు, విద్యార్థిగా చేరవచ్చిన యీ యువకుని ఆచార్యునిగా నియమించిరని ప్రసిద్ధి. ఆదిభట్ల నారాయణదాసుగారి తరువాత 1936లో ఆ కళాశాలకే అధ్యక్షులైరి. 1941లో మదరాసు సంగీత అకాడమీవారి సంగీతకళానిధి బిరుదమును, 1957లో పద్మశ్రీయును వచ్చినవి. 1964 నవంబరులో స్వర్గస్థులైరి. ఇంతవరకు చెప్పి నమస్కరించి లేచిపోవుట మన వ్యాసకర్తల యాచారము. కాని బిరుదములు చెవికి వినబడవు గదా.

ఫిడేలు మన దేశమున పుట్టిన వాద్యము కాదు. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు చెన్నపట్టణమున పాశ్చాత్యులవలన దానిని నేర్చి కర్ణాటకసంగీతమునకు తెచ్చెను. ఆ దొరల యిండ్లలో పియానోయు నుండెను. అది మన సభ కెక్కలేదు. కారణము స్పష్టమే. పియానోలో మెట్టు మెట్టునకు నొక స్వరము కట్టివేయబడి యుండును. స్వరమునుండి స్వరమునకు జారుటకుగాని, ఒక్క స్వరమునే యూగించుటకుగాని త్రోవ లేదు. గమకము లేని తోడిని తోడియని యెవరు గుర్తింతురు? హార్మోనియమునకు నిదే చిక్కు. 1940లో రేడియోవారు దానిని వెలివేయుటకు నిదియు నొక కారణము; 1971లోగాని ఆ కట్టు సడలలేదు. (పద్యనాటకములలో మాత్రము అది లేనిదే తెర లేవదు, మన సీమలో ఆ వాద్యమును నిందించువాడు కొంచెము దూరముగా నిలిచి నిందించుట మేలు.) ఫిడేలునకు మెట్లు లేవు. వ్రేలు జారినంత మేర నాదము జారును. గొంతు నంతగా అనుసరింపగలుగుటవలననే దానికి దాస్యమును వచ్చినది: గాయకుడు పాడినదానిని నీడవలె మరల చెప్పుట.

నాయుడుగారి ప్రతిభ వ్రేళ్లలో నున్నదని పలువు రందురు. మాకు కమానులో నున్నదని తోచును. మనవారిలో పెక్కుమంది ఎడమచేతికి సాధకము చేయించి కుడిచేతిని మరతురు. ఆయన పాశ్చాత్యుల వాదనమును శ్రద్ధతో విని కమాను నడపుటలోని మర్మములను గ్రహించిరి. రాగభావమును మాత్రము వారికడ నెరువు తెచ్చుకొనలేదు. ఒక స్వరమును నిలిపినపుడు ఆ నాదము సన్నగా మొదలై, నడుమ నిండి, చివర కరిగిపోవును. ఆళ్లగడ్డ శిల్పులు రాతికి దేనిని చేర్చరు. విగ్రహము కానిదానిని తీసివేయుదురు. ఆయన వాదనమును అట్టిదే. మిగిలియున్న గ్రామఫోను పలకలలో సహిత మీ గుణము తెలియుచున్నది. పలక యొక్క ప్రక్కకు మూడు నిమిషములకంటె నెక్కువ చోటు లేదు. అంతటి యిరుకులో నితరులు పరుగెత్తుదురు, ఆయన పరుగెత్తరు. అయినను ఆ పలకలనుబట్టి వారి రాగవిస్తారమును తూచుట గరిటెతో కుందూనదిని కొలుచుటయే. లెక్కల పోట్లాటలను కోరి వచ్చువారికి ఆ వాదనము చప్పగా తోచుటయు కలదు. వారి రుచిని మేము కాదనము.

ప్రక్కవాద్యముగా నున్న ఫిడేలును సభ నడుమ కూర్చుండబెట్టి, దానితోనే నిండుకచేరి చేయుట ఆయన ఘనకార్యమని అందరును వ్రాయుదురు. నిజమే. కాని నడుమకు వచ్చునపు డాయన వెంట తెచ్చిన దేమి? ప్రక్కన కూర్చుండువాని చెవి. ఎదుటివాని మాట ముగియువరకు ఆగుట, మౌనమునకు చోటిచ్చుట, తన ధ్వనిని తానే మొదట వినుట. ఏకాకిగా వాయించునపుడును ఆయన మరియొకరికి బదులు చెప్పుచున్నట్లే యుండును.

హంగేరీదేశమున బేలా బార్టోక్ అను విద్వాంసు డుండెను. మనలో నాయన పేరు తెలిసినవారికి స్వరకర్తగానే తెలియును. కాని 1907 మొదలు 1934 వరకు బుడాపెస్టు సంగీతవిద్యాలయమున పియానో నేర్పినవాడు. 1940 ఏప్రిలు 13వ తేదీని వాషింగ్టనులోని కాంగ్రెసు గ్రంథాలయమున, తన దేశస్థుడే యగు జోసెఫ్ సిగెటి ఫిడేలు వాయింపగా తాను పియానో వాయించెను. ఆ సభ రికార్డు నేటికిని కలదు. బేథోవెను సొనాటా వారు వాయించుచుండగా ప్రధాన మెవరు, ప్రక్క యెవరు అని యడిగిన ప్రశ్నకు అర్థమే లేదు. ఒకరు తగ్గినచోట నొకరు లేతురు. చిన్నగదిలో కొలదిమంది వినుటకై పుట్టిన ఆ సంగీతమున వాద్యముల కన్నిటికిని సమానగౌరవము. మన శాస్త్రమున కిది పరాయిధర్మము కాదు. మన సభామర్యాద మాత్రమే దానిని మరచినది.

ఆ మర్యాద యెంతవరకు పోయినదనగా, స్త్రీ ఫిడేలు పట్టి ప్రక్కన కూర్చున్నచో తాము పాడమని భీష్మించిన గాయకులు నొకప్పుడుండిరి. నాయుడుగారి కుమార్తె మంగతాయారుగారు ఫిడేలు విదుషీమణియై పేరుగాంచిరి. తండ్రి యామెకు నేర్పిన విద్యను లోకము ఎచ్చట కూర్చుండబెట్టుటయో తెలియక తికమకపడినది.

మనకు దగ్గరివారిలో శ్రీపాద పినాకపాణిగారు నాయుడుగారి వాదనమువలన ప్రభావితులైనవారు. కర్నూలు వైద్యకళాశాలలో ఆచార్యులుగా పనిచేసి, ఆ పట్టణముననే నివసించి 2013లో కాలధర్మము నొందిరి. ఫిడేలు చెప్పినది వైద్యుని గొంతులో నిలిచి, ఆ గొంతునుండి నేదునూరి, నూకల మున్నగు గాయకుల కందినది. నీడ యని మన మనుకొన్నది దీపమైన దిచ్చటనే.

నంద్యాల 2022లో జిల్లాకేంద్రమైనది. సభలకు పెద్ద మంటపములు, అంతకంటె పెద్ద లౌడుస్పీకర్లు వచ్చినవి. వాని హోరులో ఫిడేలు వినబడుట లేదని యొక నిర్వాహకునితో మేమనగా, “అది యుండవలెను గనుక పెట్టితిమండి” అనెను.