ఆ రొద ఊరకే రాలేదు

ఎట్టకేలకు మా ఇంట్లో ఓ మూల సద్దుమణిగింది. నేను ఈ కాలమ్ రాసుకునే పాత కంప్యూటరు కొన్నాళ్లుగా స్విచ్ వేయగానే కీచుమని అందుకుని, కాసేపటికి గర్రుమనే స్థాయికి దిగేది. "మామయ్యా, దాన్ని పారేసి ల్యాప్‌టాప్ కొనుక్కోండి" అంది కోడలు. పారేయడం మీద నా అభిప్రాయం పాత పాఠకులకు కొత్త కాదు. మా మిక్సీ జార్లకు ఎన్నిసార్లు బుష్‌లు మార్పించానో ఈ కాలమే సాక్షి.

బ్రాడీపేట మెకానిక్ కుర్రాడు కేసు మూత తీసి, చీపురుపుల్ల కొనతో ఒక్కో ఫ్యాను మధ్య బొడిపెనూ క్షణం ఆపి చూశాడు. మదర్‌బోర్డు చిప్‌సెట్ మీది చిట్టి ఫ్యాను ఆగగానే గోల ఆగింది. అడ్డం 40 మిల్లీమీటర్లు. అంత చిన్న రెక్క గాలి తోలాలంటే నిమిషానికి వేల చుట్లు తిరగాలి. 48 అంగుళాల సీలింగ్ ఫ్యానుకు మూడు నాలుగు వందలు చాలు. పైగా లోపలి బుష్‌లో నూనె ఎండిపోయింది. ఇరుసుకు పత్తి నూగు చుట్టుకుంది, దాని మీద ఎర్రటి దుమ్ము. యార్డుకు మిర్చి టిక్కీలు దిగే నెలల్లో గుంటూరులో ఏ మూత తీసినా కనపడేది అదే.

ఈ చిట్టి ఫ్యాన్లు మధ్యలో దాదాపు కనుమరుగయ్యాయి. 2019లో ఏఎమ్‌డీ ఎక్స్570 బోర్డులతో మళ్లీ వచ్చాయి. పీసీఐఈ 4.0 వేగం మోసే చిప్‌సెట్‌కు వేడి ఎక్కువ మరి. బీఎల్‌డీసీ అంటూ ఇవాళ సీలింగ్ ఫ్యాన్లకు ఊదరగొడుతున్నారు గానీ, కంప్యూటర్ ఫ్యాన్లలో ఎప్పటినుంచో తిరుగుతున్నది ఆ జాతి మోటారే.

కుర్రాడు అదే కొలతలో, తక్కువ వేగంతో తిరిగే మంచి బేరింగ్ ఫ్యాను బిగించాడు. వేగం సగానికి తగ్గితే చప్పుడు పదిహేను డెసిబెల్స్ దాకా పడిపోతుంది. గాలి కూడా సగమే అవుతుంది కాబట్టి, చిప్‌సెట్ వేడి ఎంతుందో చూసుకున్నాకే మూత వేశాడు.

నిశ్శబ్దం ఎంత సుఖమో రాద్దామని కూర్చున్నాను. మా బాబాయి గుర్తొచ్చాడు.

ఆయన జిన్నింగ్ మిల్లులో ఫిట్టరు. సీజనులో ఆయన్ని చూడాలంటే నేను అన్నం క్యారియర్ పట్టుకుని మిల్లుకు వెళ్లాల్సిందే. డబుల్ రోలర్ మిషన్లు వరసగా ఆడుతుంటే పక్క మనిషి మాట వినపడదు, అంతా సైగలే. కనుబొమల మీద కూడా నూగే. అంత రొదలో బాబాయి ఒక మిషను దగ్గర ఆగి, పొడుగాటి స్క్రూడ్రైవర్ కొన బేరింగ్ డబ్బాకు ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు అదిమి కళ్లు మూసుకునేవాడు. ఓసారి నాకూ వినిపించాడు. ఒకదాంట్లో సన్నటి ఝుమ్మనే శబ్దం, తెంపు లేకుండా. పక్కదాంట్లో ఆ ఝుమ్ము మధ్య టిక్కు, టిక్కు. నన్ను బయటికి తీసుకొచ్చి, "విన్నావా అబ్బాయ్? బేరింగ్ పోతోంది. రాత్రికి ఆపించి మార్చేస్తా" అన్నాడు. పత్తి పక్కన ఇనుము కాలితే మిల్లుకే నిప్పు. మిషన్లు గోల చేస్తున్నాయని ఆయన విసుక్కోగా నేను చూడలేదు. గొంతు మారిందేమోనని మాత్రం చెవి ఒగ్గేవాడు.

ఆ లెక్కన నా పాత ఫ్యాను చేసింది గోల కాదు, ఫిర్యాదు. నూనె అయిపోయిందనీ నూగు పట్టిందనీ నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది. ఈ కొత్తది తిరుగుతున్నా వినపడదు, ఆగినా వినపడదు. చల్లగా ఉందనుకుంటూ నేను రాసుకుంటుంటే, లోపల చిప్‌సెట్ ఉడికిపోతుంటుంది.

అలాగని రొదకే ఓటేయమనను. ఈ ఫ్యానుకు మూడు తీగలుంటాయి. రెండు కరెంటుకు, మూడోది వేగం ఎంతో బోర్డుకు చెప్పడానికి. బాబాయి స్క్రూడ్రైవర్ చేసిన పని ఇప్పుడు ఆ మూడో తీగది. కాకపోతే అది చెప్పేది వినే ఏర్పాటు మనమే చేయాలి.

అందుకని నా మనవి: మిర్చి సీజను అయ్యాక ఓసారి మూత తీయించి, రెక్క తిరగకుండా వేలితో పట్టుకుని బ్లోయర్ కొట్టించండి. చప్పుడు లేని ఫ్యాను వేయించుకుంటే, ఫ్యాను ఆగినప్పుడు హెచ్చరించే ఆప్షన్ బయోస్‌లో ఉందేమో అడిగి, ఉంటే ఆన్ చేయించకుండా మెకానిక్‌ను పంపకండి.