పక్క తిప్పే చెయ్యి

ఈ వారం శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో చేతికొచ్చిన ఒక కరపత్రం ఈ కాలమ్‌కి కోపం తెప్పించింది. మంచానికి రెండువైపులా ఇనుప రెయిలింగ్ బిగిస్తే మంచాన ఉన్న మనిషి రాత్రిళ్లు పడిపోయే భయం ఉండదట, ఇంటిల్లిపాదీ హాయిగా నిద్రపోవచ్చట. ఆ హామీ నమ్మి నిద్రపోతే ప్రాణం మీదికి వస్తుంది.

1985 నుంచి 2009 వరకు, రెయిలింగ్ ఉన్న ఆస్పత్రి మంచాల్లో మనుషులు ఇరుక్కుపోయిన 803 ఘటనలు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దృష్టికి వచ్చాయి. 480 మంది చనిపోయారు. పరుపుకీ కడ్డీకీ మధ్య సందులో తలో మెడో చిక్కుకుంటుంది. ఒళ్లు స్వాధీనంలో లేని మనిషి దాన్ని వెనక్కి లాక్కోలేడు. కొందరు కడ్డీ దాటబోయి ఇంకా ఎత్తు నుంచి పడతారు.

ఈ కాలమ్ పాతపాట పాఠకులకు కంఠతా వచ్చు: పక్క ఎంత కిందికి ఉంటే అంత మేలు, కుదిరితే నేల మీదే. కొబ్బరిచెట్టు మీంచి జారి వెన్నుపూస దెబ్బతిన్న భర్త, పక్షవాతంతో ఒక పక్క పడిపోయిన భార్య, పలాసలోనో టెక్కలిలోనో డయాలసిస్ చేయించుకొచ్చి ఆ రాత్రి బీపీ పడిపోయి లేవగానే తూలే మనిషి... నేల మీద పడుకుంటే వీళ్లెవరూ మంచం మీంచి పడరు కదా.

నిజమే. కానీ రాత్రిపూట ఆ నేల మీద తిరిగేవి వేరే ఉన్నాయి.

పాల్ బ్రాండ్ అనే డాక్టరు గారిని ఇక్కడ తలుచుకోవాలి. కొల్లి కొండల్లో పుట్టి, ఇంగ్లండులో చదివి, వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో కుష్ఠు రోగుల వంకర్లు పోయిన చేతులకు ఆపరేషన్లు చేశారాయన. రాత్రి పడుకున్నప్పుడు ఉన్న వేలి ముక్క పొద్దున్నకి ఉండకపోవడం ఆయన్ని వేధించింది. రాత్రంతా కాపు కాస్తే దొంగ దొరికింది. ఎలుక! స్పర్శ లేదు కాబట్టి అది కొరుకుతున్నా రోగికి మెలకువ రాదు. ఆ తర్వాత ఇంటికి వెళ్లే రోగుల వెంట పిల్లుల్ని పంపడం మొదలుపెట్టారు. వైద్య చరిత్రలో ఇంతకన్నా తెలివైన మందుచీటీ ఈ కాలమ్‌కి తెలీదు.

నడుము కింద స్పర్శ పోయిన మనిషి పాదాలదీ అదే పరిస్థితి. ధాన్యం బస్తాలు, కొబ్బరికాయల రాశి ఉన్న ఇంట్లో ఎలుకలుంటాయి. ఎలుక వెనకే పాము. కట్లపాము రాత్రే తిరుగుతుంది, నేల మీద నిద్రపోతున్నవాళ్లనే ఎక్కువగా కాటేస్తుంది. ఆ కాటు ఒళ్లు తెలిసినవాళ్లకే చాలాసార్లు తెలీదు. రెప్పలు వాలి, మాట ముద్దై, ఊపిరి ఆడనప్పుడు గానీ సంగతి బయటపడదు. దోమతెరలో పడుకునేవాళ్లకి పాముకాటు ముప్పు తక్కువని నేపాల్ తరాయి ఊళ్లలో చేసిన అధ్యయనం 2007లో తేల్చింది. కాబట్టి పలాస చుట్టుపక్కల మన ఉద్దానం ఊళ్లలో మంచమే కావాలి. దోమతెర ఉండాలి, దాని అంచులు చుట్టూ పరుపు కిందికి దోపాలి. పిలిస్తే పలికేలా ఒక గంటో ఈలో మనిషి చేతికి అందాలి.

పడకపుండ్లు రాకుండా గాలిపరుపు కొంటారు. మంచిదే, కానీ దాని ప్రాణం కరెంటులో ఉంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140–150 కిలోమీటర్ల గాలి. జీడి, కొబ్బరి తోటలు నేలకొరిగాయి, ఊళ్లకు ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. కరెంటు లేకపోతే గాలిపరుపు నెమ్మదిగా చదునైపోతుంది. అప్పుడు మనిషి ఒట్టి మంచం మీద ఉన్నట్టే. రెండు గంటలకోసారి పక్క తిప్పే చెయ్యి తప్ప వేరే దిక్కులేదు.

ఆ చెయ్యి ఎక్కువగా భార్యది. పగలంతా జీడిపిక్కలు ఒలిచి నల్లబడిన చెయ్యి. నేల మీంచి రోజూ మనిషిని లేపితే ఆమె నడుమూ పోతుంది, అప్పుడా ఇంట్లో మంచాన పడేది ఇద్దరు. మంచం ఆమె నడుము ఎత్తుకి అందాలి. పాత చీర నాలుగు మడతలేసి ఆయన ఒంటి కింద పరిచి, ఆ చీర పట్టుకుని తిప్పితే ఆమెకి శ్రమ తగ్గుతుంది, ఆయన చర్మం ఒరుసుకుపోదు.

పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి ప్రారంభమైంది. పూర్తిగా మంచానికే పరిమితమైనవారి పింఛను 2024 జూలై నుంచి నెలకు 15,000 రూపాయలైంది. రెండూ అవసరమే. ఆ పింఛను మంచాన ఉన్న మనిషి తిండికీ మందులకీ. రాత్రికి నాలుగుసార్లు లేచే మనిషి సంగతి వేరే చూడాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్, ఎక్కువ ఆసరా కావలసినవారికి సంరక్షకుల భత్యం ఇచ్చేలా పథకాలు రూపొందించమని ప్రభుత్వాలకు చెబుతోంది. పలాస, టెక్కలి, ఇచ్ఛాపురం ఎమ్మెల్యేలు ముగ్గురూ ఆ సెక్షన్ చేతపట్టుకుని, వచ్చే అసెంబ్లీ సమావేశాల్లో ఈ ఆడవాళ్ల తరఫున గట్టిగా అడగాలి.