బాలానందము - శ్రవ్యరచన: న్యాయపతి రాఘవరావుగారి కృషి

తెలుగున బాలసాహిత్య చరిత్రను వ్రాయువారు సాధారణముగ గ్రంథములను లెక్కించెదరు. ఎవరు ఎన్ని గేయసంపుటములు వెలువరించిరి, ఎవరి కథలు ఎన్ని అచ్చుపడినవి అను ప్రశ్నతో పరిశీలన మొదలై, ఆ పట్టికతోనే ముగియుచుండును. పుస్తకము వ్రాసినవారికి ఈ పద్ధతి న్యాయమే చేయును. తన కృషిలో పెద్దపాలు గాలిలోనికి విడిచినవానికి మాత్రము ఈ కొలత చాలదు. న్యాయపతి రాఘవరావుగారు (1905-1984) అట్టివారు. 'రేడియో అన్నయ్య' అన్న పేరు వినని తెలుగు కుటుంబము ఒకప్పుడు అరుదు. ఇంత ప్రసిద్ధి గడించినను, ఆయనను గూర్చి చెప్పునపుడు పత్రికాసంపాదకుడని ఒక మాట, సంఘస్థాపకుడని మరియొక మాట చెప్పి విడుచుటయే పరిపాటి. ఆయన రచయితగా సాధించినదేమి అన్న ప్రశ్నను ఈ వ్యాసమున పరిశీలింపదలచినాము.

ముందుగా జీవితరేఖలు. రాఘవరావుగారు 1905 ఏప్రిల్ 13న బరంపురమున జన్మించిరి. నేడు ఒడిశాలో నున్న ఆ పట్టణము అప్పుడు మద్రాసు రాజధానిలోని గంజాము మండలమునకు చెందినది. తెలుగు, ఒడియా రెండును వీథిలో వినవచ్చిన చోటు. వారి సహధర్మచారిణి కామేశ్వరిగారు (1908-1980) విజయనగరమువారు. మద్రాసు రేడియో కేంద్రము 1938 జూన్ 16న ప్రారంభమై తమిళమునను తెలుగునను ప్రసారములు సాగించినది. ఆ కేంద్రమునుండి 'బాలానందము' అను తెలుగుపిల్లల కార్యక్రమమును నడపుట ఈ దంపతుల జీవితకార్యమైనది. రాఘవరావుగారు 'అన్నయ్య', కామేశ్వరిగారు 'అక్కయ్య' అయిరి. కార్యక్రమమునకు తోడుగ బాలానంద సంఘము వెలసినది. 1945 ఆగస్టులో 'బాల' మాసపత్రిక పుట్టినది. 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరించిన కాలమున వారు హైదరాబాదు చేరి, అచ్చటి రేడియోలోను సంఘములోను అదే పనిని కొనసాగించిరి. రాఘవరావుగారు 1984 ఫిబ్రవరి 24న దివంగతులైరి.

రేడియో, సంఘము, పత్రిక - ఈ మూడింటిని విడివిడిగ చూచినచో ఒక ఉద్యోగము, ఒక సేవ, ఒక వ్యాపారము వలె కనబడును. మా దృష్టిలో ఇవి ఒకే రచనకు మూడు రూపములు. ఆ రచన పేరు సంభాషణము. పిల్లవానికి కథ చెప్పుట ఆయన లక్ష్యములో ఒక భాగమే. పిల్లవానిచేత మాటలాడించుట దాని ప్రధానభాగము. ఈ వాదమునకు ఆధారములను ఒక్కొక్కటిగ చూతము.

మొదటి ఆధారము ఆ పేరులోనే యున్నది. ఇంగ్లండులో 1922 చివర బీబీసీ పిల్లల కార్యక్రమమును మొదలిడినపుడు కార్యక్రమమును నడపువారు 'అంకుల్', 'ఆంట్' అను పేర్లతో మాటలాడిరి. 1933 నుండి 1950 వరకు ఆ విభాగమునకు పెద్దగా నుండిన డెరెక్ మెకల్లాక్ 'అంకుల్ మాక్' అనియే లోకమునకు తెలియును. కలకత్తా కేంద్రమున పిల్లలకు కథలు చెప్పినవాడు 'గల్పదాదు', అనగా కథల తాతయ్య. తెలుగున ఈ మర్యాదను అనుకరింపదలచినచో 'మామయ్య', 'తాతయ్య' సిద్ధముగ నున్నవి. మన కథాసంప్రదాయమునకు తాతయ్యయే సహజము. వెన్నెలలో మంచము మీద కూర్చుండి కథ చెప్పునది తాతయో, అమ్మమ్మయో గదా! అయినను మద్రాసు తెలుగు కార్యక్రమమున నిలిచినది 'అన్నయ్య'. అదే నగరమున తమిళబాలురకును 'వానొలి అణ్ణా' అన్న సంబోధన అలవడుట గమనింపదగినది. ఈ ఎన్నిక ఆయన ఒక్కరి ఊహయో, దక్షిణదేశపు కుటుంబమర్యాదయో అను చర్చ కంటె, దాని ఫలితమును గుర్తించుట ముఖ్యము.

తాతయ్య చెప్పుచుండగా పిల్లవాడు ఊకొట్టును. మామయ్య వచ్చినచో మిఠాయి ఆశించును, కొంత బెరుకుగ నుండును. అన్నయ్య యెదుట మాత్రము పిల్లవాడు ఎదురు ప్రశ్న వేయును, పరిహాసమాడును, అలుగును, తప్పు దిద్దును. అన్నయ్య తల్లిదండ్రుల పక్షమున కొంత, తమ్ముని పక్షమున కొంత నిలుచువాడు. బుద్ధి చెప్పు అధికారము ఆయనకు కలదు. అల్లరిలో పాలుగొను హక్కును కలదు. బోధకుని కంఠము వినగనే పారిపోవు పిల్లలు ఈ కంఠము చుట్టు మూగుట వింతగాదు. ఒక్క బంధువాచకము కార్యక్రమపు రూపమునంతను నిర్ణయించినదని చెప్పవచ్చును.

రెండవ ఆధారము కంఠములు రెండగుట. కథకుడొక్కడే మాటలాడు చోట శ్రోతకు వినుట తప్ప పనిలేదు. అన్నయ్య, అక్కయ్య యిరువురును ఉన్నచోట ఇల్లు ఏర్పడును. వాదము, సమాధానము, ఆటపట్టించుట, ఓదార్చుట వాటంతట అవియే పుట్టును. మూడవవాడుగ పిల్లవాడు నడుమ దూరుటకు చోటు దొరకును. కామేశ్వరిగారిని కేవలము సహాయకురాలిగ పేర్కొనుట ఈ కారణమున సరికాదు. బాలానందమున ఆమె కంఠము సగము వాక్యము. నాటకమున ఒక పాత్ర మాటలను తీసివేసి తక్కిన పాత్రను గొప్పదనుట ఎట్టిదో, ఈ కృషిని ఒక్కరి పేర వ్రాయుటయు అట్టిదే. గ్రంథకర్తృత్వమును ఒక్క పేరుతో ముడిపెట్టు అలవాటు అచ్చుపుస్తకమునుండి వచ్చినది. శ్రవ్యరచనకు అది అతకదు.

మూడవది భాష. గిడుగు రామమూర్తి పంతులుగారు 1940 జనవరిలో కన్నుమూసిరి. వ్యవహారభాషను పాఠ్యపుస్తకములలో ప్రవేశపెట్టవలెనని ఆయన సాగించిన పోరాటము అప్పటికి విద్యాస్థానములలో పూర్తిగ ఫలింపలేదు. పాఠశాలలో పిల్లవాడు చదువు తెలుగు ఒకటి, ఇంట మాటలాడు తెలుగు మరియొకటి. పండితులు వాదములు సాగించుచున్న ఆ సంవత్సరములలోనే, రేడియోపెట్టెలోని అన్నయ్య ఇంటి తెలుగుతో పిల్లవానిని పలుకరించుచుండెను. రేడియోలో గ్రాంథికము చదివినచో పెద్దలు ఓర్చుకొందురేమో గాని పిల్లలు క్షణమైనను ఓర్వరు. కనుక ఈ రంగమున వ్యావహారికము సిద్ధాంతముగ గాక, అవసరముగ నెగ్గినది. భాషావాదచరిత్రను వ్యాసములనుండియు, సభాతీర్మానములనుండియు మాత్రమే నిర్మించువారు ఈ నిశ్శబ్దవిజయమును గుర్తింపవలసియున్నది.

ఇక నిర్మాణమును గూర్చి ఒక మాట. రంగస్థలముమీద రాజు ప్రవేశించినచో కిరీటము కనబడును. పుస్తకమున బొమ్మ యుండును. రేడియోలో ఈ రెండును లేవు. ఎవరు వచ్చిరో, ఎచట నున్నారో, చేతిలో నేమున్నదో మాటలోనే తెలియవలెను. తెలియజేయుచున్నట్లు మాత్రము తోపరాదు. వాక్యము చిన్నదిగ నుండవలెను. ఒకసారి వినబడినది మరల వెనుకకు త్రిప్పి చదువుటకు వీలులేదు. పల్లవివలె మరలివచ్చు మాట పిల్లవానికి ఊతకర్ర. నడుమ కొంత విరామమును వదలుట మరియొక మెలకువ. ఆ ఖాళీని ఇంట వినుచున్న పిల్లవాడు తన సమాధానముతో నింపును. మన జోలపాటలు, పొడుపుకథలు, ఆటపాటలు ఈ నియమములనే పాటించును. పొడుపుకథ సగము మాత్రమే చెప్పబడిన రచన; తక్కిన సగము వినువానిది. క్రొత్తయంత్రము వచ్చి పాతసంప్రదాయమును చంపినదని వాపోవువారు, ఈ చోట ఆ యంత్రమే మౌఖికసంప్రదాయమునకు క్రొత్త అరుగు వేసినదని గ్రహింపవలెను.

ఈ సంభాషణధర్మము అచ్చులో ఎట్లు నిలిచినదో 'బాల' చూపును. అందలి 'లటుకు - చిటుకు', 'డూడూ బసవన్న' వంటి పేర్లను గమనింపుడు. ఇవి కంటికంటె ముందు చెవికి పుట్టిన పేర్లు. మొదటిది శబ్దానుకరణము, రెండవది గంగిరెద్దువాని కేకను గుర్తుచేయునది. పత్రిక చదువబడునదైనను దాని నామకరణము వినికిడి రాజ్యములోనిది.

అంతకంటె ముఖ్యమైనది పిల్లల రచనలకు ఆ పత్రిక యిచ్చిన చోటు. 1931లో జన్మించిన ముళ్లపూడి వెంకటరమణ తొలికథ 'అమ్మ మాట వినకపోతే' 1945లో 'బాల'లోనే వెలువడినది. అప్పటికి ఆయన వయస్సు పదునాలుగేండ్లు. ఆయనకంటె రెండేండ్లు చిన్నవాడైన బాపు తొలిబొమ్మలకును ఆ పత్రికయే చోటిచ్చినది. సంపాదకుడు ప్రతిభను కనుగొనెనని దీనిని మెచ్చుకొనుట పరిపాటి. ఆ మెప్పు నిజమే గాని అసలు విషయము వేరు. రేడియోలో వినువాడు మాటలాడువాడగుట ఎట్లు సహజమో, పత్రికలో చదువువాడు వ్రాయువాడగుట అట్లే సహజమని రాఘవరావుగారు భావించిరి. పదేండ్లు దాటిన పిమ్మట రమణ 'బుడుగు'లో పిల్లవానిని గూర్చి చెప్పక, పిల్లవాని నోటనే లోకమును చెప్పించినాడు. బాపు దానికి బొమ్మలు వ్రాసినాడు. 'బాల' లేకున్నచో 'బుడుగు' లేదని మేమనము. ప్రతిభకు మూలము ఒక్కచోట నుండదు. అయితే పిల్లవాని మాట అచ్చువేయదగినదే యని పదునాలుగేండ్ల ప్రాయమున తెలిసికొనిన రచయితకు, ఆ మాటను శిల్పముగ మలచు ధైర్యము కలుగుట సులభమని మాత్రము చెప్పగలము.

ఇచ్చట 'చందమామ'తో పోలిక అవసరమగును. 1947 జూలైలో ప్రారంభమైన ఆ పత్రికను 1952 నుండి 1980 వరకు కొడవటిగంటి కుటుంబరావుగారు తీర్చిదిద్దిరి. ఆ కథకుడు పెద్దవాడు, నిదానస్థుడు, ఎచటను ముఖము చూపనివాడు. పాఠకుడు కథలో మునుగును. కథ ముగిసినపుడు చందమామలోకమునుండి తనయింటికి తిరిగివచ్చును. 'బాల' పాఠకుడు ఇంటిలోనే యుండి కేకవేసి అన్నయ్యను పిలుచును. మొదటిదానిలో కథాశిల్పము మిన్న. దాని గద్యము అనేకతరములకు చదువు నేర్పినది. రెండవదానిలో చొరవ మిన్న. బాలసాహిత్యమునకు ఈ రెండును కావలెను. నేటి విమర్శలో మొదటి ధర్మమునకు దొరకిన గౌరవము రెండవదానికి దొరకకుండుటయే మా ఆక్షేపణ.

గుణములను చెప్పి దోషములను దాచుట విమర్శ కాదు. సంభాషణము ఎవరితో జరిగెనను ప్రశ్న వేయక తప్పదు. 1940 ప్రాంతమున రేడియో మధ్యతరగతి యింటను కొద్దిమందికే అమరిన వస్తువు. పొలముగట్టున పశువులను కాచు పిల్లవానికి, బడిముఖ మెరుగని పిల్లకు అన్నయ్య పలుకు చేరుట కష్టము. ఇంటితెలుగు అనునపుడును అది చదువుకొన్న కోస్తాకుటుంబముల యింటి తెలుగే గాని, తెలుగుదేశమునందలి అన్ని యిండ్లదియు కాదు. మద్రాసునుండి హైదరాబాదునకు వచ్చుట ఈ పరిధిని కొంత విశాలము చేయుటకు అవకాశమిచ్చినది. కాని మాండలికములన్నియు బాలల కార్యక్రమమున సమానముగ వినబడినవని చెప్పజాలము. మరియు, సామూహికకార్యక్రమమున ఉత్సాహము అభ్యాసమై, అభ్యాసము కవాతుగ మారు ప్రమాదము ఎప్పుడును పొంచియుండును. అందరును కలిసి పలుకు మాటలో ఒక్కని మాట మునిగిపోవచ్చును. సంభాషణమును నమ్మిన సంస్థకు ఇది లోపలి శత్రువు.

అయినను ఆ రూపము వ్యక్తులను దాటి నిలిచినది. తురగా జానకీరాణిగారు (1936-2014) హైదరాబాదు ఆకాశవాణిలో పిల్లల కార్యక్రమములను నడపి, తామును 'రేడియో అక్కయ్య'గ పిలువబడిరి. ఒకరికి ముద్దుపేరుగ మొదలైనది తరువాతివారికి పదవియైనది. సాహిత్యమున ఒక ప్రక్రియ పుట్టినదనుటకు ఇంతకంటె వేరు గుర్తేమి? ఛందస్సు ఒక కవినుండి మరియొక కవికి చేరినట్లే, ఈ బంధుత్వమును చేతులు మారినది.

కనుక మా నిర్ణయ మిది. రాఘవరావు, కామేశ్వరి దంపతుల ముఖ్యరచన వారి పేర అచ్చుపడిన పుటలలో లేదు. బాలుడు శ్రోతగ వచ్చి వక్తగ వెడలు ఒక నెలవును కల్పించుటలో నున్నది. దీనిని సేవాకార్యముగ కీర్తించి సాహిత్యముగ విస్మరించుట పొరపాటు. యక్షగానమును, బుఱ్ఱకథను ప్రదర్శనతో సహా పరిశీలించు మన శాఖలు రేడియోరచనకు మాత్రము పుస్తకపు కొలబద్దను వాడుట సమంజసము కాదు.

ఈ విషయమున పరిశోధకవిద్యార్థులు చేయదగిన పని చాల కలదు. 'బాల' సంచికలలోని సంభాషణములను వాక్యనిర్మాణదృష్టితో పరిశీలింపవచ్చును. పిల్లలు వ్రాసిన రచనలను పెద్దల రచనలతో పోల్చవచ్చును. బంధువాచకములను, ఊతపదములను, శబ్దానుకరణములను సేకరింపవచ్చును. అన్నిటికంటె తొందరగ చేయవలసినది ఒకటి. ఆనాటి ప్రసారములు అధికముగ ప్రత్యక్షముగ జరిగినవి. వినినవారి చెవులే వాటికి గ్రంథాలయములు. బాలానందమున పాలుగొని, ఆ మాటలను ఇంకను మనస్సున నిలుపుకొన్నవారు నేడు వృద్ధులు. వారిని కలిసికొని, వారు చెప్పగలిగినది చెప్పించి వ్రాసికొనుట ఏండ్లపాటు వాయిదా వేయదగిన పని కాదు. పిల్లలచేత మాటలాడించుట అన్నయ్య, అక్కయ్యల కృషియైనచో, ఆ పిల్లలు పెద్దలైన పిమ్మట వారిచేత మరల మాటలాడించుట మన కర్తవ్యము.