ఆంగ్ల జాతీయములు – తెలుగు వాడుక: కొత్తవలస కూడలి నుండి ఒక పరిశీలనము

జాతీయమునకు అర్థము చెప్పుట వేఱు, ప్రయోగము చెప్పుట వేఱు. మన విద్యాలయములలో ఆంగ్ల జాతీయముల బోధన తఱచుగా మొదటిదానితోనే ముగియుచున్నది. ఎడమ వరుసలో ఆంగ్లపదబంధము, కుడి వరుసలో తెలుగు అర్థము, విద్యార్థి వల్లించును. కాని ఆ మాట ఎవరు, ఎవరితో, దేనిని గుఱించి అందురో అతనికి తెలియదు. ఈ లోపమును రైలుదారి పలుకుబడుల మూలమున చూపుట ఈ వ్యాసోద్దేశము.

విజయనగర విశాఖపట్టణముల నడుమనున్న కొత్తవలస ఇందులకు తగిన తావు. తూర్పుతీరపు రైలుమార్గము 1893–96 నడుమ తెఱవబడినది. బైలదిల్లా ఇనుపఖనిజమును విశాఖ రేవునకు చేర్చుటకై 1960వ దశకమున నిర్మించిన కిరండూలు మార్గము ఇచ్చటనే చీలును. ఈ దారిని వచ్చిన ఆంగ్లము పనివెంట వచ్చినది. ఈ సీమలోనే మఱియొక ఆంగ్లమును కలదు. 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897లో అచ్చయి, 1909లో తిరిగి వ్రాయబడిన 'కన్యాశుల్కము'నందలి గిరీశము ఆంగ్లమది. వినువారికి అర్థము కాకపోవుటయే దాని బలము. పనివెంట వచ్చిన ఆంగ్లమో, అందఱికిని తెలిసిననే గాని పని సాగదు. కావున అది సులభముగా తెలుగు నుడికారమున కలిసిపోయినది.

'లైను క్లియరు' చూడుడు. ముందరి స్టేషను అనుమతి రానిదే వెనుకటి స్టేషనువారు బండిని విడువరాదు; ముందుపోయిన బండి దారి ఖాళీచేయవలయును. అక్క పెండ్లి కాగానే చెల్లెలికి "లైను క్లియరయింది" అను తెలుగు ఇల్లాలు ఈ సూత్రమును ఎంత చక్కగా పట్టినది! ఆంగ్లమున దీనికి సమీపమైనది 'ది కోస్ట్ ఈజ్ క్లియర్' అనునది. దానిని 'తీరము ఖాళీగా నున్నది' అని అనువదించినచో సముద్రతీరవాసులమైన మనకే బోధపడదు. పైగా అందు చూచువారు లేరను రహస్యధ్వని కలదు. 'లైను క్లియరు'న అది లేదు.

అనుమతి నిచ్చుటను ఆంగ్లేయులు 'గ్రీన్ లైట్' ఇచ్చుట యందురు. మనవారు 'పచ్చజెండా ఊపినారు' అందురు. వారిది దీపము, మనది గార్డు చేతిలోని గుడ్డ. ఇది అనువాదము కాదు, కంటితో చూచి కల్పించుకొన్న నుడి.

పోలిక సరిపోయినను ప్రయోగము సరిపోకుండుట కలదు. 'ఆఫ్ ది రెయిల్స్' అనుదానికి 'పట్టాలు తప్పుట' మాటకు మాట సరియైనదే. కాని ఆంగ్లమున అది తఱచుగా నడత చెడిన మనుష్యునిగూర్చి చెప్పుమాట. తెలుగున చర్చలో పథకమో పట్టాలు తప్పును. మనుష్యుడు గాడి తప్పును. బండిచక్రపు జాడనుండి పుట్టిన ఈ పాతమాట తన చోటు వదలలేదు. 'పట్టాలెక్కుట'యు నిట్టిదే: ఆంగ్లమున 'బ్యాక్ ఆన్ ట్రాక్' అనగా చెదరినది మరల కుదుటపడుట, తెలుగున పథకము పట్టాలెక్కుటయనగా మొదలగుట. వరుసల పట్టికలో ఈ భేదము కనబడదు.

అరువు నుడులన్నియు తెలుగును చెఱచునని కొందఱందురు. ఆ మాట పూర్తిగా నిజము కాదు. 'మొసలికన్నీరు' నేడెవరికిని పరాయిగా తోచదు. మొసలి మనకు తెలిసిన జంతువు. పత్రికలలోని 'మంచుకొండ కొన' యట్లు కాదు. మంచుకొండ యనగా మనకు హిమవంతము. నీటిలో మునిగి కనబడని భాగమే ఆంగ్లజాతీయమునకు ప్రాణము. హిమవంతమున అది లేదు. మాటలు వచ్చినవి, భావము రేవులోనే నిలిచిపోయినది.

కావున జాతీయకోశము కూర్చువారును బోధించువారును ప్రతి జాతీయమునకు మూడు సంగతులు చెప్పవలయును: అది ఏ వస్తువునుండి పుట్టినది, దేనికి చెల్లును, ఎవరి నోట నిలుచును. మొదటిది చెప్పి తక్కినవి విడుచుటచేతనే మన విద్యార్థులు వ్యాకరణదోషము లేని తప్పులు వ్రాయుచున్నారు. ఆ తప్పులను దిద్దుటకు నిఘంటువొక్కటి చాలదు. కూడలిలో నిలిచి జనుల మాట వినవలయును.