తిరిగి చేతిలో పెట్టిన నోట్లు

మా పెద్దమ్మ వరంగల్‌లో చాలా ఏళ్లు చీటీలు నడిపింది. ఐదు వేల వాయిదాకి ఎవరైనా నాలుగు వేల ఎనిమిది వందలు తెస్తే, నోట్లు లెక్కపెట్టి అలాగే తిరిగి వాళ్ల చేతిలో పెట్టేది. "రెండొందలు తక్కువున్నయి బిడ్డా, మొత్తం తీస్కరా" అనేది. పుస్తకంలో చిన్న గీత కూడా పడేది కాదు. సగం జమలు రాసుకుంటూ పోతే నెలాఖరుకి లెక్క తేలదని ఆమె భయం.

పోయిన వారం మా తమ్ముడు ల్యాప్‌టాప్ పట్టుకొచ్చాడు. బ్లాక్‌చైన్ నేర్చుకుంటున్నాడు. మొదటి స్మార్ట్ కాంట్రాక్టుగా చీటీ పాటనే సాలిడిటీ భాషలో రాశాడు. అసలు డబ్బేమీ లేదు, టెస్ట్ నెట్‌వర్క్ మీద ఆడించడమే. "అన్ని టెస్టులూ పాసైనయి అక్కా" అన్నాడు, ముఖం వెలిగిపోతూ.

వాయిదా కట్టే ఫంక్షన్‌లో మూడు రిక్వైర్‌లు పెట్టాడు. ఈ మనిషి సభ్యుడేనా, మొత్తం సరిపోయిందా, ఈ నెలది ఇంకా కట్టలేదు కదా. ఏ ఒక్కటి తప్పినా లావాదేవీ రివర్ట్ అవుతుంది. మారిన లెక్కలన్నీ మొదటికొస్తాయి, పంపిన ఈథర్ పంపినవాళ్ల దగ్గరే ఉంటుంది. అప్పటిదాకా కాలిన గ్యాస్ (లావాదేవీ నడవడానికి కట్టే రుసుము) పోతుంది, మిగిలింది వెనక్కొస్తుంది. 2017 అక్టోబరులో ఇథీరియంకి బైజాంటియం అప్‌గ్రేడ్ వచ్చేదాకా ఆ మిగిలింది కూడా దక్కేది కాదు. తక్కువైతే మొత్తం తిప్పి పంపడం పెద్దమ్మ పద్ధతే. ఒక్కటి తప్ప: మూడు రిక్వైర్‌లలోనూ 'ఎర్రర్' అని ఒకే మాట రాశాడు. రాత్రి పదకొండింటికి ఫోన్‌లో ఆ మాట చూసిన సభ్యుడికి రెండొందలు తక్కువయ్యాయని ఎలా తెలుస్తుంది?

ఆ సందేశాలు తెలుగులోనే రాస్తానన్నాడు. నాకు ముచ్చటేసింది. సాలిడిటీ 0.7 నుంచి యూనికోడ్ అని ముందు చెప్పి తెలుగు వాక్యం పెట్టుకోవచ్చు. కానీ మన అక్షరానికి మూడు బైట్లు, గుణింతానికి ఇంకో మూడు. కాంట్రాక్టు బరువెక్కినకొద్దీ గ్యాస్ ఖర్చు. అందుకని 0.8.4లో వచ్చిన కస్టమ్ ఎర్రర్ చూపించాను. దానికో పేరు పెట్టి, రావాల్సింది ఎంత, వచ్చింది ఎంత అని రెండు అంకెలు జత చేస్తే చాలు. వాటిని అందుకుని తెలుగులో చెప్పే పని యాప్‌ది.

అసలు చిక్కు కింద ఉంది. పాట గెలిచినవాళ్లకి డబ్బు పంపే చోట ముందు 'చెల్లించాం' అని గుర్తు పెట్టి, తర్వాత సెండ్ అని వదిలేశాడు. సెండ్ విఫలమైతే లావాదేవీ ఆగదు. కాలేదు అని జవాబు మాత్రం ఇస్తుంది. ఆ జవాబు ఎవరూ చూడట్లేదని కంపైలర్ హెచ్చరిస్తూనే ఉంది. పసుపు రంగే కదా అని దాటేశాడట.

2016 ఫిబ్రవరిలో ఇథీరియం మీద 'కింగ్ ఆఫ్ ది ఈథర్ థ్రోన్' అనే ఆట సరిగ్గా ఇక్కడే దెబ్బతింది. ఎక్కువ కట్టినవాడు రాజు, దిగిపోయిన రాజుకి పరిహారం. కొందరు కాంట్రాక్టు రూపంలో ఉండే వాలెట్ల నుంచి ఆడారు. సెండ్ వెంట వెళ్లేది 2,300 గ్యాసే. డబ్బు అందుకోవడానికి ఆ వాలెట్లకి అది చాలలేదు. సెండ్ కాలేదంది, కాంట్రాక్టు వినలేదు. కొత్త రాజు గద్దెనెక్కాడు, పాత రాజు డబ్బు కాంట్రాక్టులోనే ఉండిపోయింది.

"అయితే సెండ్ చుట్టూ కూడా రిక్వైర్ పెడతా" అన్నాడు వెంటనే. నేనూ ఒకప్పుడు అక్కడే ఆగాను. గెలిచినవాళ్ల వాలెట్ డబ్బు తీసుకోనంటే? ప్రతిసారీ రివర్ట్ అవుతుంది, ఆ నెల పాట ముగియదు, మిగతా సభ్యులందరూ ఇరుక్కుంటారు. ఆ ఆటలోనూ అలా రిక్వైర్ పెట్టి ఉంటే, డబ్బు తీసుకోని రాజుని ఎవరూ దించలేకపోయేవాళ్లు. ఒకరి వైఫల్యం అందరిదీ కాకుండా గీత ఎక్కడ గీయాలన్నదే ఈ పనిలో నాకు అన్నిటికన్నా కష్టంగా, ఇష్టంగా అనిపించేది.

ఆ సాయంత్రమంతా దానిమీదే కూర్చున్నాం. పాట ముగిసినప్పుడు డబ్బు పంపడం మానేసి, గెలిచినవాళ్ల పేరు మీద జమ రాయించాం. వాళ్లే వచ్చి ఎత్తుకోవాలి. ఎత్తుకునే ఫంక్షన్‌లో ముందు ఆ జమని సున్నా చేసి, తర్వాత డబ్బు పంపి, వచ్చిన జవాబు చూస్తాం. కాలేదంటే రివర్ట్, సున్నా మళ్లీ పాత అంకె అవుతుంది. వరస తిరగేస్తే డబ్బు అందుకుంటూనే ఇంకోసారి అడిగేవాళ్లకి దారి దొరుకుతుంది.

డబ్బు తీసుకోని వాలెట్‌ని వాడే స్వయంగా రాసి టెస్టులో సభ్యుడిగా చేర్చాడు. పాట ముగిసింది. ఎత్తుకోబోతే రివర్ట్ అయింది, జమ అలాగే ఉంది, తర్వాతి నెల మామూలుగా మొదలైంది.

వాడు కాసేపు స్క్రీన్ వంకే చూశాడు. "ఎత్తుకోని డబ్బు ఎన్నాళ్లు ఉంచాలక్కా?" అనడిగాడు. కాంట్రాక్టులో దానికి ఏ లైనూ లేదు. ఆదివారం ఇద్దరం పెద్దమ్మ దగ్గరికి వెళ్తున్నాం.